బెదురుతోనే మొదటి తుపాకీ కొంటున్నారా?

శ్రీకాకుళమైనా విజయనగరమైనా ముందు కలెక్టరేట్‌లో దరఖాస్తు, ఆయుధ శిక్షణ, లైసెన్సు. ఆ తర్వాతే దుకాణం. 9 ఎం.ఎం. బోరు (గొట్టం లోపలి కొలత) మనకు నిషిద్ధం, దొరికేది ఎక్కువగా .32 బోరే.

చేతులు వణికేవారికి పిస్టల్ కంటే రివాల్వరే మేలు. పట్టు వదులైతే పిస్టల్ స్లయిడ్ (పేలినప్పుడు వెనక్కి జరిగే పైభాగం) పూర్తిగా వెనక్కి వెళ్లదు, కాలిన తూటా తొడుగు మధ్యలో ఇరుక్కుంటుంది. మేగజీన్ (తూటాలు నింపే పెట్టె) తీసేశాం కదా, ఖాళీ అయిపోయిందనుకోవడం ఇంకా ప్రమాదం: ఛాంబర్‌లో, అంటే తూటా పేలే గదిలో, ఒకటి ఉండిపోవచ్చు. రివాల్వర్ తెరిస్తే ఆరు గదులూ కళ్లెదుటే.

తేలికగా ఉందని మురిసిపోకండి. అర కిలో నిర్భీక్ రివాల్వర్ జేబుకు సుఖం, పేలినప్పుడు చేతికి తన్ను ఎక్కువ. దుకాణంలో ఖాళీ చేయించి, మీరూ చూసుకుని, అడిగి, గోడమీద ఒక మచ్చకు గురిపెట్టి ట్రిగ్గర్ నెమ్మదిగా నొక్కండి. గొట్టం పక్కకు జారితే ఆ పిడి మీ చేతికి సరిపోలేదన్నమాట. రివాల్వర్‌లో తూటాలుండే సిలిండర్ ముందుకు బొటనవేలు పోనివ్వొద్దు. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సందులోంచి వచ్చే వేడి వాయువు చర్మం కాల్చేస్తుంది.

కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి తోలు ఒరలో పెట్టిన తుపాకీ తుప్పు పడుతుంది. పలుచగా నూనె రాసి, ఇనప్పెట్టెలో తాళం వేయండి. తూటాలు వేరే చోట, నూనె తగలకుండా.