నలుగురున్న ఆఫీసులో బిమ్ మొదలుపెట్టడం ఎలా

ఒడిశాలోని బరంపురంలో మాది చిన్న బిల్డింగ్ డిజైన్ ఆఫీసు. నేను, ఇద్దరు డ్రాఫ్ట్స్‌మెన్, సైటు చూసుకునే కుర్రాడు. ఏళ్ల తరబడి కంప్యూటర్‌లో గీతలు గీసే ఆటోక్యాడ్‌తోనే నెట్టుకొచ్చాం. రాయగడలో ఒక లాడ్జి కడుతున్నప్పుడు తగిలిన దెబ్బతో బిమ్ (బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్) వైపు తిరిగాం. పై అంతస్తు టాయిలెట్ నుంచి 110 మిల్లీమీటర్ల పైపు డక్టు (పైపులు కిందికి దిగే సందు) దాకా వెళ్లాలి. ప్లాన్‌లో గీత చక్కగా వెళ్లిపోయింది. దారిలో 450 మిల్లీమీటర్ల లోతు బీము ఉందన్న సంగతి స్ట్రక్చరల్ షీటులో ఉంది, ప్లంబింగ్ షీటులో లేదు. శ్లాబ్ పడ్డాక ప్లంబరు సుత్తి, ఉలి పట్టుకుని బీము దగ్గర నిలబడి, "కాగితం మీద దాటేసింది బాబూ, ఇక్కడ నన్నెలా దాటించమంటారు?" అన్నాడు. తప్పు మాదే. బీము కొట్టనివ్వలేదు, నేల ఎత్తు పెంచాం. ఆ టాయిలెట్‌కి ఇప్పుడు మెట్టెక్కి వెళ్లాలి.

బిమ్ అంటే త్రీడీ బొమ్మ అనుకుంటారు చాలామంది. బొమ్మ అందులో కొసరు. గోడ గీస్తే అది గోడేనని, ఎంత మందమో, ఏ ఇటుకో, ఏ అంతస్తుదో ఫైలుకి తెలుస్తుంది. కిటికీ జరిపితే ప్లాన్, సెక్షన్, ఎలివేషన్, కిటికీల పట్టిక అన్నీ కలిసే మారతాయి.

మొదలు మాత్రం కొత్త పనితో పెట్టకండి. డెడ్‌లైన్ టెన్షన్‌లో ఎవరైనా మళ్లీ ఆటోక్యాడ్‌లోకే పారిపోతారు. కట్టేసిన ఇల్లు ఒకటి తీసుకోండి. మేం 2013లో ఫైలిన్ తుఫానుకి రేకులు లేచిపోయాక శ్లాబ్ వేయించుకున్న ఇల్లు తీసుకున్నాం. ఎంత ఇటుక పట్టిందో, ఎక్కడ తన్నుకున్నామో అంతా తెలిసిందే కాబట్టి మోడల్ చెప్పే లెక్క నిజమో కాదో అక్కడికక్కడే తేలిపోయింది.

సాఫ్ట్‌వేర్ గురించి వారాల తరబడి వాదించుకోవద్దు. మీ స్ట్రక్చరల్ ఇంజనీరు రెవిట్ వాడుతుంటే రెవిట్, లేకపోతే ఆర్చిక్యాడ్. డబ్బు పెట్టే ముందు చేయి తిరగాలంటే ఫ్రీక్యాడ్ ఉచితం. 2024లో వచ్చిన 1.0 వెర్షన్‌లో బిమ్ పనిముట్లు దానితోపాటే వస్తాయి. ఒక్క హెచ్చరిక: రెవిట్ కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోదు. అవతలివాళ్ల వెర్షన్ ముందే అడగండి.

తర్వాత టెంప్లేట్. తొమ్మిదించుల గోడ, అయిదించుల గోడ, ప్లింత్, లింటెల్, శ్లాబ్ లెవెళ్లు, మీరు మామూలుగా వాడే తలుపుల సైజులు ఒక్కసారి పెట్టుకుంటే ప్రతి పనికీ అవే. దీనికి మాకు ఇరవై రోజులు పట్టింది. ఒక్క డ్రాయింగూ బయటికి రాలేదని మా సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్ గొణుగుతూనే ఉన్నాడు.

అసలు చిక్కు కొలతల్లో వస్తుంది. మోడల్ చెప్పే గోడ విస్తీర్ణం కిటికీలు పోగా మిగిలింది. దాన్ని రెండుతో గుణించి ప్లాస్టరింగ్ బిల్లు రాస్తే మేస్త్రి ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. కట్టడం పనుల కొలతలకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1200 ప్రకారం, రెండు వైపులా ఒకే ప్లాస్టరింగ్ అయితే, అర చదరపు మీటరు దాకా ఉన్న ఖాళీకి తగ్గింపు లేదు. అర నుంచి మూడు దాకా ఒక వైపే తగ్గిస్తారు. మూడు దాటితేనే రెండు వైపులా తగ్గించి, పక్కంచుల పూత కలుపుతారు. 1.2 మీటర్ల చదరపు కిటికీలు ఇరవై ఉన్నాయనుకోండి. మోడల్ 57.6 చదరపు మీటర్లు తీసేస్తుంది, పద్ధతి ప్రకారం తీయాల్సింది 28.8. అంటే దాదాపు 310 చదరపు అడుగుల కూలి మేస్త్రికి ఎగిరిపోయినట్టే. అందుకే మా పట్టికలో కిటికీ విస్తీర్ణాన్ని బట్టి తగ్గింపు వేసే ఫార్ములా విడిగా పెట్టుకున్నాం. ఇంకొకటి, గోడలో మునిగిన పిల్లర్‌ని గోడతో జాయిన్ చేయకపోతే అదే చోటు ఇటుకలోనూ, కాంక్రీటులోనూ రెండుసార్లు లెక్కకొస్తుంది.

అన్నీ మోడల్ చేయాలన్న ఉబలాటం వద్దు. వైర్లు, టైల్స్ మధ్య సందులు మాకు అక్కర్లేదు. బీములు, సంకన్ శ్లాబ్‌లు (టాయిలెట్ల కింద దించి వేసే శ్లాబ్‌లు), డక్టులు, మురుగు పైపులు వాటి వాలుతో సహా, మెట్ల కింద తల తగిలే చోటు మాత్రం వదలొద్దు.

బయటివాళ్లతో మోడల్ పంచుకోవాలంటే ఐఎఫ్‌సి (వేర్వేరు బిమ్ సాఫ్ట్‌వేర్లు చదవగలిగే ఉమ్మడి ఫార్మాట్) ఫైలు ఇస్తే చాలు, ఎవరి సాఫ్ట్‌వేర్ వాళ్లదే. ముందుగా ఏ1 పిల్లర్ మధ్యబిందువే అందరికీ సున్నా అని ఒప్పుకోండి. లేకపోతే పిల్లర్లు ఒకచోట, గోడలు ఇంకోచోట తేలతాయి. బిమ్ ఫైళ్ల నిర్వహణకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 19650 చెప్పే నాలుగు దశలకు మేం పెట్టుకున్న ఫోల్డర్లు: పనిలో ఉన్నవి, పంచినవి, సైటుకిచ్చినవి, పాతవి. మూడోదాంట్లో లేని షీటు సైటుకి వెళ్లదు, వాట్సాప్‌లో అయినా సరే.

సైటులో కంప్యూటర్ ఎవరూ చూడరు. మా గోడల మేస్త్రిది ఒడియా, రాడ్ కట్టేవాళ్లు ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే తెలుగువాళ్లు, షీటు మీద అక్షరాలు ఇంగ్లీషు. అందుకే టాయిలెట్‌కి ఒకటి చొప్పున త్రీడీ వ్యూ ఏ3 కాగితం మీద తీసి, బీము ఎరుపు, పైపు నీలం, కొలతలు అంకెల్లో వేసి, సిమెంటు గది తలుపుకి అంటిస్తున్నాం. రాయగడ ప్లంబరే ఇప్పుడు మాతో ఇంకో సైటులో ఉన్నాడు. శ్లాబ్ సెంట్రింగ్ మొదలుకాక ముందే ఫోన్ చేసి, "బాబూ, రంగుల కాగితం ఇంకా రాలేదు" అంటాడు.