పాత ఇళ్లలో అటక సందులు మూసి ఏసీ కరెంటు ఆదా చేయడం ఎలా

తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఏటా చూస్తున్నదే. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లోనూ, చిత్తూరులో గిరింపేట, కట్టమంచి వంటి పాత పేటల్లోనూ ఇంకా నిలిచి ఉన్న పెంకుటిళ్లు, సున్నపు మిద్దెలు ఏసీలు లేని కాలంలో కట్టినవి. వేడెక్కిన గాలి పైకి లేచి పై సందుల్లోంచి వెళ్లిపోవాలి, దాని చోటులోకి వాకిలి వైపు నుంచి కొత్త గాలి రావాలి అన్నది ఆ కట్టుబడిలోని ఆలోచన. ఫ్యాను ఒక్కటే ఉన్నంతకాలం ఆ ఆలోచనకు తిరుగు లేదు. అదే ఇంట్లో ఒక పడకగదికి ఏసీ బిగించినప్పుడు మాత్రం ఆ సందులే కరెంటు బిల్లును పెంచుతాయి. ఇంటి స్వభావాన్ని చెడగొట్టకుండా, ఏసీ ఉన్న గదికి మాత్రమే ఆ సందులను ఎలా మూసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా గాలి ఏ దారిన పోతుందో అర్థం చేసుకోవాలి. చల్లబడిన గాలి బయటి గాలికంటే బరువుగా ఉంటుంది కాబట్టి నేల మీదికి దిగి, తలుపు కింది సందులోంచి బయటికి జారిపోతుంది. కింద ఎంత గాలి పోతే అంత గాలి ఎక్కడినుంచో లోపలికి రావలసిందే, ఆ వచ్చేది ఎక్కువగా పైకప్పు దగ్గరి సందుల్లోంచే వస్తుంది. అక్కడ ఉన్నది ఎండకు కాగిన పెంకుల కింద మగ్గిన అటక గాలి, అంటే ఇంటి మొత్తంలో అన్నిటికంటే వేడి గాలి. చలిదేశాల్లో ఇది తలకిందులుగా జరుగుతుంది. అక్కడ హీటరుతో వెచ్చబడిన గాలి పైకి లేచి అటకలోకి పోతుంది. మన దగ్గర పై సందు, కింది సందు ఒక జంట. ఒకదాన్ని మూసి రెండోదాన్ని వదిలేస్తే ఫలితం సగమే.

సందు ఎంత చిన్నదైనా చిన్నచూపు చూడకూడదు. మూడు అడుగుల వెడల్పున్న తలుపు కింద ఒక సెంటీమీటరు ఖాళీ ఉంటే, అది గోడకు 9 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న కంత పెట్టినట్టే. పైగా వానాకాలంలో లోపలికి వచ్చే గాలి వేడిని మాత్రమే కాక తేమను కూడా మోసుకొస్తుంది. ఏసీ గొట్టంలోంచి బకెట్టులో పడే ప్రతి లీటరు నీటి కోసం ఏసీ సుమారు 0.68 యూనిట్లకు సమానమైన వేడిని గదిలోంచి లాగివేయాలి. ఇళ్ల కరెంటు ధర వాడకం పెరిగేకొద్దీ పై శ్లాబులోకి వెళ్తుంది కాబట్టి, ఆదా అయ్యే యూనిట్లు మన బిల్లులో అన్నిటికంటే ఖరీదైన యూనిట్లే.

ఏ గదిని ముట్టుకోకూడదు

ఈ విషయంలో మొహమాటం పనికిరాదు. వంటగదిలో వెంటిలేటరును గానీ కిటికీ సందులను గానీ మూయకూడదు. సిలిండరులో వచ్చే వంటగ్యాసు గాలికంటే బరువైనది, లీకైతే నేలకు దగ్గరగా పేరుకుంటుంది కనుక అక్కడ కింది వైపు గాలి దారి కూడా ఉండాలి. గ్యాసు గీజరు ఉన్న స్నానాలగదికీ ఇదే నియమం వర్తిస్తుంది. అక్కడ గాలి చాలకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, అది నిమిషాల మీద ప్రాణం తీయగలదు. ఇన్వర్టరు బ్యాటరీలు పెట్టిన మూలకూ గాలి ఆడాలి. పూజగదిలో దీపం గంటల తరబడి వెలిగే ఇళ్లలో ఆ గదిని కూడా వదిలేయడమే మంచిది.

పనికి అనువైన కాలం జనవరి నుంచి మార్చి వరకు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ వానల్లో ఎక్కడ కారిందో గోడల మీది మరకలు చెబుతాయి. కారే పెంకులను మార్చకుండా, చెదలు పట్టిన వాసాలను చూసుకోకుండా కింద సందులు మూస్తే లోపలి తేమ కనబడకుండా పెరిగి, చెక్క పుచ్చిపోతుంది.

సందులను కనిపెట్టడం

వేసవి మధ్యాహ్నం ఏసీని గంటసేపు నడిపి, ఫ్యాను ఆపి, ఒక ఊదువత్తి వెలిగించి గదంతా తిరగాలి. గోడా పైకప్పూ కలిసే చోట, ఫ్యాను కొక్కెం దగ్గర, స్విచ్‌బోర్డుల చుట్టూ, కరెంటు పైపులు పైకి వెళ్లే చోట, అటక మూత అంచుల్లో పొగను నిలిపి చూడాలి. పొగ నిటారుగా లేస్తే అక్కడ సందు లేనట్టు, ఒక్కసారి కిందికి లేదా పక్కకు తోసుకుపోతే ఉన్నట్టు. తలుపు అడుగున పట్టుకుంటే పొగ బయటికి పరుగెత్తడం కనబడుతుంది. దొరికిన ప్రతి చోటా సుద్దముక్కతో గుర్తు పెట్టుకోవాలి. రాత్రిపూట ఒకరు అటకలో టార్చి పట్టుకుని, ఇంకొకరు కింద దీపాలార్పి చూస్తే చెక్కల మధ్య సందులు గీతల్లా బయటపడతాయి. పాత సున్నం గోడల మీద నల్లటి దుమ్ము చారలు, ఎంత దులిపినా అదే చోట మళ్లీ పట్టే సాలెగూడు కూడా గాలి దారిని చూపించే ఆనవాళ్లే.

అటకలో పని

అటక ఎక్కే ముందు మెయిన్ ఆపాలి. చెక్క పట్టీల మీద లాగిన పాత వైర్ల తొడుగు ఎండి, ముట్టుకుంటే రాలిపోయే స్థితిలో ఉంటుంది. అటువంటివి కనబడితే ముందు ఎలక్ట్రీషియను చేత మార్పించాలి, వాటి మీద ఏ పదార్థమూ కప్పకూడదు. మూసిన బూట్లు, చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. పాత అటకల్లో తేళ్లు, కందిరీగల పట్లు, గబ్బిలాల రెట్ట ఉండటం మామూలే. సీలింగు చెక్కల మీద కాలు మోపకుండా దూలం నుంచి దూలానికి గట్టి పలక వేసుకుని దాని మీదే నడవాలి. పైన ఆస్బెస్టాస్ రేకులు ఉంటే వాటిని గీకడం, కోయడం, రంధ్రం చేయడం వంటివి అసలు తలపెట్టవద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

ఇక అసలు సూత్రం ఇది: మూయవలసింది గది సీలింగును, పెంకుల కప్పును కాదు. పెంకుల మధ్య సందులు, గోడ త్రికోణంలోని జాలీలు అటక వేడిని బయటికి పంపుతాయి, వాన తడిని ఆరబెడతాయి. వాటిని నురుగుతోనో సిమెంటుతోనో మూసిన ఇళ్లలో అటక మరింత కాగి, ఆ వేడి సీలింగు చెక్కల గుండా కిందికే దిగుతుంది. గది గాలికీ అటక గాలికీ మధ్య గట్టి అడ్డు ఉండాలి, అటక గాలికీ బయటి గాలికీ మధ్య మాత్రం రాకపోకలు సాగాలి.

చెక్కల మధ్య సన్నని సందులకు అక్రిలిక్ సీలెంటు సరిపోతుంది. దాని మీద రంగు పడుతుంది కాబట్టి కింద నుంచి కూడా అందంగా ఉంటుంది. సిలికాన్ మీద రంగు నిలవదు, కనుక దాన్ని అల్యూమినియం కిటికీ చట్రాలకు వాడుకోవచ్చు. ముందుగా బ్రష్షుతో దుమ్మంతా దులపాలి, లేకపోతే ఏ సీలెంటైనా దుమ్మును పట్టుకుంటుందే తప్ప చెక్కను పట్టుకోదు. సందు వేలు దూరేంత వెడల్పుగా ఉంటే అందులో ముందు నురుగు తాడు కూరి, దాని మీద సీలెంటు పెట్టాలి. పైపులు దిగే పెద్ద కంతలకు డబ్బాలో వచ్చే పీయూ ఫోమ్ (కొట్టగానే ఉబ్బి గట్టిపడే పాలీయురేథేన్ నురుగు) బాగా పనిచేస్తుంది, కానీ అది ఉబ్బుతుంది కనుక కంతలో సగం వరకే కొట్టాలి. ఆ నురుగు ఎండకు పొడిబారుతుంది, నిప్పంటుకుంటుంది, కాబట్టి ఎండ తగిలే చోట దాని మీద పూత వేయాలి, పొగగొట్టాల దగ్గర, వేడెక్కే దీపాల దగ్గర దాన్ని అసలు వాడకూడదు.

అటకకు ఎక్కే కంతే తరచుగా గదిలోని అతి పెద్ద సందు. పాత మూత నాలుగు వైపులా వంగిపోయి ఉంటే వడ్రంగి చేత కొత్త ప్లైవుడ్ మూత చేయించి, అది కూర్చునే అంచు చుట్టూ అంటుకునే రబ్బరు పట్టీ అతికించి, గడియ బిగించాలి. మూత బరువు పట్టీని నొక్కితే చాలదు, గడియ లాగి పట్టుకోవాలి.

దూలాల మీద పలుచని ఇటుకలను ఐమూలగా నిలబెట్టి సున్నంతో కట్టిన మద్రాసు టెర్రస్ ఇళ్లలో అటక ఉండకపోవచ్చు గానీ, దూలం గోడలోకి దిగే చోట నెర్రెలు ఉంటాయి. చెక్క ఎండకు కుంచించుకుపోవడం, వానకు ఉబ్బడం వల్ల అవి ఏటా కొంచెం కదులుతుంటాయి. వాటికి సిమెంటు పెట్టమని చాలామంది బేల్దార్లు సలహా ఇస్తారు, నేను మాత్రం వద్దంటాను. సున్నపు కట్టుబడికంటే సిమెంటు గట్టిది, కదలికను ఓర్చుకోదు, లోపలి తేమను ఆరనివ్వదు, దాంతో పక్కనున్న పాత ఇటుకే పగులుతుంది. గోడలోని నెర్రెలకు సున్నం గారతోనూ, దూలం చుట్టూ సాగే గుణమున్న అక్రిలిక్ సీలెంటుతోనూ పూడ్చడం మేలు.

కొన్ని పెంకుటిళ్లలో గదికి సీలింగే ఉండదు, గదుల మధ్య గోడలు వాసాల దాకా లేవవు. అటువంటి గదిలో సందులు మూయడం వృథా ప్రయాస. ముందు సీలింగు వేయించి, ఆ తరువాతే ఏసీ గురించి ఆలోచించాలి.

కింది సందులు, వెంటిలేటర్లు

తలుపు అడుగున బిగించే బ్రష్ పట్టీ లేదా రబ్బరు పట్టీ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది. పసుపు, కుంకుమ పెట్టే గడపకు కాకుండా తలుపు రెక్కకే దాన్ని బిగిస్తే పూజకు అడ్డు రాదు, కాలికీ తగలదు. రెండు రెక్కల తలుపుల నడుమ సందుకు ఒక రెక్క మీద నిలువు చెక్క పట్టీ కొట్టించి, దాని లోపలి వైపు రబ్బరు అతికించాలి. ఏసీ గొట్టాల కోసం గోడకు వేసిన రంధ్రాన్ని పైన ప్లాస్టిక్ మూత పెట్టి వదిలేస్తుంటారు, ఆ మూత తీసి లోపల పుట్టీ నింపాలి.

తలుపులు, కిటికీల పైనున్న వెంటిలేటర్లను ఇటుకలతో శాశ్వతంగా పూడ్పించవద్దు. కీలున్న అద్దపు రెక్క బిగించి, ఏసీ నడిచేటప్పుడు మూసి, మిగతా వేళల్లో తెరిచి ఉంచాలి. మామూలు స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలిని తీసుకురాదు. అందుచేత సందులన్నీ మూసిన గదిలో నలుగురు పడుకుంటే తెల్లవారేసరికి గాలి బరువెక్కుతుంది. పడుకునే ముందు పావుగంట, లేవగానే అరగంట కిటికీలు తెరవడం అలవాటు చేసుకోవాలి. ముసలివాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు పడుకునే గదిలో ఒక వెంటిలేటరు రెక్కను కొద్దిగా తెరిచి ఉంచడమే క్షేమం, ఆ కొద్దిపాటి కరెంటు కోసం చూసుకోకూడదు.

సందులు మూయడం వల్ల గాలి ద్వారా వచ్చే వేడి మాత్రమే ఆగుతుంది. కాగిన కప్పు నుంచి దిగే వేడికి వేరే ఉపాయం కావాలి: మిద్దె మీద తెల్లసున్నం లేదా ఎండను తిప్పికొట్టే తెల్లరంగు వేయడం, అటకలో సీలింగు చెక్కల మీద వేడిని అడ్డుకునే పరుపు పరచడం. అయితే పరుపు వేసిన తరువాత కింది సందులు కనబడవు, కాబట్టి మూసే పని ముందే పూర్తి కావాలి.

ఫలితం తెలుసుకోవడం

నెల బిల్లును బట్టి అంచనా వేస్తే వాతావరణం మారడం వల్ల తేడా తెలియదు. ఏసీని 24 డిగ్రీల దగ్గర ఉంచి, పడుకునేటప్పుడు, లేచాక మీటరులోని అంకెలు రాసుకోవాలి. అదే సమయంలో ఫ్రిజ్ తప్ప ఇతర పెద్ద వాడకం లేకుండా చూసుకోవాలి. పనికి ముందు ఒక వారం, తరువాత ఒక వారం ఇలా రాసి, ఎండ దాదాపు ఒకేలా ఉన్న రోజులను మాత్రమే పోల్చాలి. యూనిట్లు తగ్గకపోతే ఊదువత్తితో మళ్లీ మొదటినుంచి వెతకాలి, సాధారణంగా అటక మూత గానీ తలుపు అడుగు గానీ మిగిలిపోయి ఉంటుంది. రబ్బరు పట్టీలు ఎండి గట్టిపడతాయి కాబట్టి ప్రతి మార్చిలో వేలితో నొక్కి చూసి, తిరిగి ఉబ్బని వాటిని మార్చేయాలి.