బోసా నోవా గిటార్, 4వ పాఠం: కార్డ్ ముందు, బొటనవేలు తర్వాత

బోసా నోవా అనే బ్రెజిల్ బాణీ నేర్చుకుంటున్నాం కదా, ఈ వారం మేజర్ సెవెన్ కార్డ్‌ల (కొన్ని స్వరాల్ని కలిపి ఒకేసారి మోగించేదే కార్డ్) సంగతి చూద్దామనుకున్నాం. చూడబోవడం లేదు. 3వ పాఠం తర్వాత మీరు పంపిన రికార్డింగులన్నీ విన్నాక ఆ ముచ్చట వచ్చేసారికి నెట్టేశాను. అందరిదీ ఒకటే జబ్బు. ఒకే కార్డ్ మీద వాయించినంతసేపూ ముచ్చటగా ఉంది. రెండో కార్డ్‌కి మారగానే బొటనవేలు మిగతా వేళ్ల వెంట పరిగెత్తుతోంది, తాళం కుప్పకూలుతోంది.

వరస మళ్లీ ఒకసారి. ఆవర్తానికి రెండు బీట్లు, బీటుకి నాలుగు భాగాలు. నోటితో ‘తకధిమి తకఝణు’ అనండి. బొటనవేలు రెండు ‘త’ల మీదా పడాలి. చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు మూడూ ఒక్కసారిగా మొదటి ‘త’, ‘ధి’, రెండో ‘క’, చివరి ‘ణు’ మీద పడాలి. పిక్‌తో, అంటే తీగలు మీటే చిన్న బిళ్లతో, వాయిస్తామని ఇద్దరు అడిగారు. కుదరదు. పిక్ తీగల్ని ఒకదాని తర్వాత ఒకటి గీస్తుంది, మనకి మూడు తీగలూ ఒకే క్షణంలో మోగాలి. నైలాన్ తీగలే ఎందుకన్న ప్రశ్నకి నా దగ్గర శాస్త్రం లేదు. నాకవే ఇష్టం.

ఇక ఆ ‘ణు’. గొడవంతా దాని దగ్గరే.

వచ్చే ఆవర్తంలో కార్డ్ మారాలంటే, కొత్త కార్డ్‌ని ఆ ఆవర్తం మొదలయ్యే ‘త’ మీద కాదు, దానికి ముందున్న ‘ణు’ మీదే మీటాలి. ‘త’ వచ్చేసరికి వేళ్లు ఊరుకుంటాయి, బొటనవేలు ఒక్కటే కొత్త బాస్‌ని, అంటే కార్డ్ కిందుండే మంద్ర స్వరాన్ని, మోగిస్తుంది. సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఇది బొత్తిగా కొత్తేం కాదు. తాళానికి ముందే పాట ఎత్తుకోవడాన్ని అతీత గ్రహం అంటారు కదా. ఇక్కడ అది ఎత్తుగడలో ఒక్కసారితో పోదు, కార్డ్ మారినప్పుడల్లా వస్తుంది. పైగా తాళం వేసేదీ, ముందే ఎత్తుకునేదీ ఒకటే చెయ్యి.

ఈ పద్ధతికి రూపం ఇచ్చిన మనిషి బ్రెజిల్ గాయకుడు జోవావ్ జిల్బెర్తో. 1931లో బయీయా రాష్ట్రంలో, సావ్ ఫ్రాన్సిస్కో నది ఒడ్డున ఉన్న జువజేరోలో పుట్టాడు. 1950లో ఒక గాత్ర బృందంలో పాడడానికి రియో వెళ్లాడు. రిహార్సళ్లకి ఎగ్గొడుతున్నాడని వాళ్లు తీసేశారు. పనిలేక, నిలవనీడ లేక కొన్నేళ్లు గడిచాయి. 1955లో రియో వదిలి పోర్తో అలెగ్రీ వెళ్లి, అక్కడినుంచి మీనాస్ జెరాయిస్ కొండల్లోని జమాంచీనాలో తోబుట్టువు ఇంట్లో తేలాడు. ఆ ఇంట్లో నెలల తరబడి స్నానాలగది తలుపేసుకుని వాయించేవాడట. గోడల పలకలకి తగిలి చిన్న శబ్దం కూడా స్పష్టంగా తిరిగి వినబడుతుంది కాబట్టి గొంతు పెంచక్కర్లేదు. అతనికి మతి పోయిందేమోనని ఇంట్లోవాళ్లకి అనుమానం వచ్చింది. ఆ తర్వాత తండ్రి అతన్ని సాల్వదోర్‌లో మానసిక వైద్యులకి చూపించాడు కూడా.

ఆ గదిలో అతను సాధించింది కొత్త కార్డ్‌లు కాదు. బొటనవేలిని, మిగతా వేళ్లని, గొంతుని మూడు పాయలుగా విడదీశాడు. ఒకటి తప్పితే మిగతావి తప్పవు. గొంతు వెనకబడినా ముందుకురికినా కింద బొటనవేలు చలించదు. సాంబా బృందంలోని తంబొరీమ్ అనే చిన్న డప్పు వేసే దరువుని వేళ్ల మీదికి దించాడని అంటారు. వింటే నిజమేననిపిస్తుంది.

మీరు విడదీయాల్సింది అంతకంటే తక్కువే, రెండు పాయలు. గొంతు సంగతి తర్వాత.

ఎ మైనర్ సెవెన్ పట్టండి. మధ్యవేలు ఆరో తీగ, 5వ ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డ మెట్టు). ఉంగరం వేలిని పడుకోబెట్టి నాలుగు, మూడు, రెండు తీగల్ని అదే 5వ ఫ్రెట్‌లో నొక్కండి. అయిదో తీగ, ఒకటో తీగ మోగకూడదు. అక్కణ్నుంచి డి నైన్త్: మధ్యవేలు ఆరో తీగ వదిలి అయిదో తీగకి, అదే ఫ్రెట్. చూపుడువేలు నాలుగో తీగ, 4వ ఫ్రెట్. మూడు, రెండు తీగలు ఎక్కడున్నవక్కడే. అయితే ఉంగరం వేలి కొనని నాలుగో తీగ మీదినుంచి మూడో తీగకి వెనక్కి లాగాలి. అది లాగకపోతే చూపుడువేలు ఎంత గట్టిగా నొక్కినా పాత స్వరమే మోగుతుంది. మీలో సగం మందికి డి నైన్త్ ‘బురదగా’ వినిపించడానికి కారణం ఇదే. గిటార్ ట్యూనింగ్‌ని తిట్టకండి.

ఇప్పుడు నిదానంగా. ఎ మైనర్ సెవెన్ మీద ‘త క ధి మి త క ఝ’ వరకూ వచ్చారు. ‘ఝ’ ఖాళీ. ఎడమచెయ్యి మారాల్సింది ఆ ఖాళీలోనే. ‘ణు’ మీద వేళ్లు మూడూ డి నైన్త్ పైస్వరాల్ని మీటుతాయి. మధ్యవేలు అప్పటికే ఆరో తీగ వదిలేసింది కాబట్టి పాత బాస్ ఆగిపోతుంది. ‘ణు’కీ తర్వాతి ‘త’కీ మధ్య ఒక్క భాగంసేపు కింద ఏమీ ఉండదు. ఆ ఖాళీని చూసి భయపడకండి, బొటనవేలితో నింపకండి. ‘త’ మీద బొటనవేలు అయిదో తీగని మోగిస్తుంది, వేళ్లు గాలిలో ఉంటాయి. తర్వాత ‘ధి’ మీద మళ్లీ దిగుతాయి.

మీ తప్పులు మూడు రకాలు. మొదటిది, ‘ణు’ మీద బొటనవేలు కూడా దూకడం. అలా చేస్తే వినేవాడికి అదే కొత్త ఆవర్తంలా తోస్తుంది, పాట ముందుకి జారిపోతుంది. రెండోది, ‘ణు’ మీద మీటి, నమ్మకం చాలక ‘త’ మీద వేళ్లతో మళ్లీ మీటడం. తాళం తప్పదు గానీ, తేలాల్సిన పాట నేలకి అతుక్కుపోతుంది. మూడోది నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది: ‘ణు’ని గట్టిగా కొట్టడం. ముందొచ్చింది కదా అని దానికి నొక్కు ఇస్తున్నారు. సినిమా పాటల స్ట్రమ్మింగ్ అలవాటది. జోవావ్ రికార్డులు వినండి, ‘ణు’ మిగతావాటితో సమానంగానే ఉంటుంది, ఎక్కడో తప్ప నొక్కుండదు. ముందు రావడమే దాని బలం. దాని మీద ఇంకో బలం పెడితే హడావిడిగా వినిపిస్తుంది. ఒకరి రికార్డింగులో ప్రతి ‘ణు’ దగ్గరా తీగ ఫ్రెట్‌కి కొట్టుకుని టక్ మంటోంది. దయచేసి వద్దు.

బాస్‌ని మూలస్వరం, పంచమం అని మార్చి మార్చి వాయించమని చాలా పుస్తకాలు చెబుతాయి. ఇప్పుడు వద్దు. జోవావ్ బొటనవేలు చాలాచోట్ల ఒకే స్వరాన్ని సమంగా మోగించుకుంటూ పోతుంది, మనకూ అది చాలు.

ఏం వినాలని అడిగారు. అందరూ శాక్సొఫోన్ వాయించే స్టాన్ గెట్జ్‌తో జోవావ్ చేసిన ఆల్బమ్ పేరే చెప్పారు. 1963లో న్యూయార్క్‌లో రికార్డయింది, 1965లో ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ గెలిచింది, గొప్పదే. నేర్చుకోవడానికి మాత్రం నేను ఇవ్వను. శాక్సొఫోన్ చెవిని లాక్కుపోతుంది, డ్రమ్స్ తాళం మోస్తుంటే బొటనవేలు ఏం చేస్తోందో తెలియదు. 1973లో జోవావ్ పేరుతోనే వచ్చిన ఆల్బమ్ వినండి. గొంతు, గిటార్, పక్కన సన్నగా సన్నీ కార్ దరువు, అంతే. అందులో ‘ఉన్దియు’ అతని సొంత పాట. ఆరు నిమిషాలకి పైగా సాగుతుంది, సాహిత్యం దాదాపు ఆ ఒక్క మాటే. మాట కోసం చెవి రిక్కించే పని లేదు కాబట్టి గిటార్ మీదే ధ్యాస పెట్టొచ్చు. అదే ఆల్బమ్‌లో కూతురు బెబెల్ కోసం కట్టిన చిన్న వాల్స్ కూడా ఉంది, యోగులెంత అందంగా ఉంటారో అని దాని పేరు. దాని మీద మన వరస వేసి చూడకండి, అది మూడు బీట్ల నడక.

అతను సొంతంగా కట్టిన పాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తొలి పాటల్లో ఒకటి ‘బిం బొం’. జువజేరోలో నెత్తిన బట్టల మూటలతో నది ఒడ్డున నడిచే చాకలి స్త్రీల నడుముల ఊపులోంచి పుట్టిందంటారు. 1958 జూలైలో రికార్డయిన ఒడియోన్ కంపెనీకి అతని మొదటి డిస్క్‌కి ఒకవైపు ఇది, ఇంకోవైపు స్వరకర్త జొబీమ్, కవి వినీసియస్‌ల ‘షేగా జి సౌదాజి’. ఆ రికార్డింగప్పుడు గొంతుకొకటి, గిటార్‌కొకటి విడివిడిగా మైకులు కావాలని పట్టుబట్టాడట. అప్పట్లో స్టూడియోవాళ్లకి అది మొండితనంలా కనిపించింది. మీరు మాత్రం ఫోన్‌ని గిటార్‌కి దగ్గరగా పెట్టి రికార్డు చేయండి, బొటనవేలు వినబడకపోతే నేనేం చెప్పలేను.

అభ్యాసం. మెట్రోనోమ్ 60, బీటుకి ఒక టిక్. ఎ మైనర్ సెవెన్ ఒక ఆవర్తం, డి నైన్త్ ఒక ఆవర్తం, ఇరవై నిమిషాలు ఆపకుండా. తప్పినా ఆపొద్దు, బొటనవేలిని పోనిచ్చి వేళ్లని తర్వాతి ‘ధి’ దగ్గర కలపండి. మొదటి పది నిమిషాలు నోటితో తకధిమి తకఝణు అంటూ. తర్వాతి పది నిమిషాలు అది మానేసి, ఎదురుగా పేపర్ పెట్టుకుని పైకి చదువుతూ వాయించండి. ముందు నాలుగు మాటలకే బొటనవేలు మీ మాటల లయలోకి జారుతుంది. జారినప్పుడు చదవడం ఆపండి గానీ చెయ్యి ఆపకండి, కుదురుకున్నాక ఆపిన మాట దగ్గర్నుంచి ఎత్తుకోండి. వేగం 72 దాటించొద్దు. ఒక కాలమ్ మొత్తం చదివినంతసేపూ బొటనవేలు తాళం తప్పకుండా నిలబడిన రికార్డింగ్ ఒక్కటి పంపిస్తే చాలు, వచ్చేసారి మేజర్ సెవెన్ తెరుస్తాను.