పార్సిల్ అందకుండానే 'డెలివర్డ్' అని వస్తే ఏం చేయాలి

ఒక మంగళవారం మధ్యాహ్నం 2 గంటల 14 నిమిషాలకు నా ఫోనుకు సందేశం వచ్చింది, పార్సిల్ అందజేశామని. అప్పుడు నేను తాడేపల్లిగూడెంలో మా రైసు మిల్లు ఆఫీసులో లారీల లెక్క రాస్తున్నాను. పార్సిల్లో రావలసింది అమ్మ వినికిడి యంత్రం. వెల 18,400 రూపాయలు. సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అమ్మ వరండాలో కుర్చీ వేసుకుని గేటు వైపే చూస్తూ ఉంది. మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే చేసిందట. ఎవరూ రాలేదు.

ఆ డబ్బు తిరిగి రావడానికి 33 రోజులు పట్టింది. ఆ రోజుల్లో ఫోనులో ఎవరితో మాట్లాడినా అడిగిన ప్రశ్న ఒకటే: "మీ అమ్మగారికి తలుపు చప్పుడు వినిపించలేదేమో?" వినికిడి యంత్రం తెచ్చి ఇవ్వకుండా, ఆవిడకు వినపడదన్న మాటనే మాకు అడ్డం పెట్టడం నన్ను ఎంతగానో బాధించింది. మీకు ఆ పరిస్థితి రాకూడదని, వస్తే ఏ రోజు ఏం చేయాలో తెలిసి ఉండాలని ఇది రాస్తున్నాను.

నేను 19 ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. మా మిల్లులో కాటా చీటీ లేకుండా ఏ లారీ ధాన్యానికీ డబ్బు చెల్లించం. రైతు ఎంత తెలిసినవాడైనా చీటీ కావాలి. పోయిన పార్సిల్ కూడా అంతే. కస్టమర్ కేర్‌తో అరగంట మాట్లాడినా, ఆ మాటకు మీ దగ్గర చీటీ లేకపోతే మాట్లాడనట్టే. మొదటి రోజు నుంచే ప్రతిదీ రాతలో ఉంచండి.

సందేశం వచ్చిన పూటే ముందు చుట్టుపక్కల వాకబు చేయండి. పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు, వీధి చివరి కిరాణా కొట్టు, అపార్టుమెంటయితే వాచ్‌మన్ దగ్గర ఉండే రిజిస్టరు. నిజంగానే పొరపాటున పక్కింట్లో ఇచ్చి వెళ్లే సందర్భాలు చాలా ఉంటాయి. అక్కడ దొరక్కపోతే వెంటనే ఫోనులో స్క్రీన్‌షాట్లు తీసుకోండి: ఆర్డరు పేజీ, బిల్లు, ట్రాకింగ్ పేజీ మొత్తం, డెలివరీ సందేశం, ఆ రోజు మీకు వచ్చిన కాల్స్ జాబితా. తేదీ, సమయం కనిపించేలా తీయండి. ట్రాకింగ్ పేజీ ఎప్పటికీ ఒకేలా ఉంటుందని అనుకోవద్దు. నాకు మొదటి రోజు 'కస్టమరుకు అందజేశాం' అని చూపించిన పేజీ, మూడో రోజుకు 'కుటుంబ సభ్యులకు అందజేశాం' అని మారింది. మొదటి రోజు స్క్రీన్‌షాట్ లేకపోతే ఆ మార్పును నేను చూపించగలిగేదాన్ని కాదు.

'డెలివర్డ్' అని కాకుండా 'వచ్చాం, ఎవరూ లేరు' అని పెడితే కాల్స్ జాబితా మరీ ముఖ్యం. ఫోను చేశామని రాసి ఉంటుంది. మీ ఫోనులో ఆ కాల్ ఉండదు. దారిలోనే ఆగిపోయినట్టు చూపిస్తే, ఇస్తామన్న తేదీ వరకు ఆగి మర్నాడే రాయండి.

ఇక అసలు విషయం. మీకు బాధ్యత వహించవలసింది ఎవరు? అమ్మినవారు, వారి వెబ్‌సైటు. మీరు డబ్బు కట్టింది వాళ్లకు. కొరియర్‌ను పెట్టుకున్నది వాళ్లు. "కొరియర్ ఆఫీసుకు వెళ్లి కనుక్కోండి" అని వాళ్లు చెబితే నేను రెండు పూటలు తిరిగాను. ఆ ఆఫీసులో ఉన్న కుర్రవాడు పాపం తన చేతిలో ఏమీ లేదని చెప్పాడు. ఆ రెండు పూటలు వృథా. కొరియర్‌తో తేల్చుకోవలసింది అమ్మినవారే, మీరు కాదు.

వాళ్ల నుంచి మీరు రాతపూర్వకంగా అడగవలసింది డెలివరీ రుజువు. సంతకం, ఫొటో, ఓటీపీ, అందుకున్న మనిషి పేరు, ఇచ్చిన చోటు. వీటిలో ఏది ఉంటే అది పంపమని అడగండి. నాకు పంపినది ఒక ఫొటో. నల్ల గ్రానైటు మెట్టు మీద అట్టపెట్టె, వెనక నీలం రంగు ఇనుప తలుపు. మాది సిమెంటు మెట్టు, అంచు ఒకచోట విరిగి ఉంటుంది. చెక్క తలుపు, గడపకు అమ్మ ప్రతి శుక్రవారం పసుపు రాస్తుంది. మా మెట్టును, గడపను, ఇంటి నంబరు పలకను అదే కోణంలో ఫొటో తీసి, రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి పంపాను. అప్పటివరకు 'మా రికార్డు ప్రకారం అందింది' అని ఒకే వాక్యం పంపుతున్నవాళ్లు, ఆ రోజు నుంచి 'పరిశీలిస్తున్నాం' అని రాయడం మొదలుపెట్టారు.

ఫిర్యాదు ఉత్తరం చిన్నదిగా ఉండాలి. కోపం ఎంత ఉన్నా అందులో రాయవద్దు. నేను పంపినది దాదాపు ఇలా ఉంది:

"ఆర్డరు నంబరు ఇది. చెల్లించినది 18,400 రూపాయలు, ఈ తేదీన, క్రెడిట్ కార్డు ద్వారా. ఈ తేదీన మధ్యాహ్నం 2:14కు అందజేసినట్టు చూపుతున్నారు. పార్సిల్ మాకు అందలేదు. ఆ సమయంలో ఇంట్లో మనిషి ఉన్నారు, నా ఫోనుకు కాల్ రాలేదు, ఓటీపీ రాలేదు. మీరు పంపిన ఫొటోలోని ఇల్లు మాది కాదు. మా ఇంటి ఫొటో జత చేశాను. చెల్లించిన మొత్తం అదే కార్డుకు తిరిగి జమ చేయగలరు. ఫిర్యాదు నంబరు పంపగలరు."

'అదే కార్డుకు' అన్న మాట తప్పకుండా రాయండి. లేకపోతే వాళ్ల వాలెట్‌లోనో కూపన్‌గానో వేస్తారు. ఒకసారి దానికి మీరు సరేనన్నారంటే వెనక్కి తీసుకోవడం కష్టం.

సాధారణ కస్టమర్ కేర్ 'అందింది' అని తేల్చేస్తే అక్కడితో ఆగవద్దు. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం ప్రతి వెబ్‌సైటులోనూ ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే వివరాలు పెట్టాలి. సాధారణంగా పేజీ అట్టడుగున చిన్న అక్షరాల్లో 'గ్రీవెన్స్ ఆఫీసర్' అని ఉంటుంది. ఆ అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్టు తెలపాలి, అందిన నాటి నుంచి నెల లోపు పరిష్కరించాలి. చెప్పిన తేదీకి సరుకు ఇవ్వకపోతే డబ్బు వాపసు ఇవ్వనని అమ్మినవారు అనకూడదని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. తుపాను వంటి ఆపద వల్ల జరిగిన ఆలస్యానికి మాత్రం మినహాయింపు. ఉత్తరంలో ఈ నిబంధనల పేరు ఒక వాక్యంలో రాయండి చాలు. నాలుగో రోజున నేను ఆ అధికారికి రాశాను. మర్నాడే ఫిర్యాదు నంబరు వచ్చింది.

ఇదే సమయంలో బ్యాంకు దారి కూడా తెరిచి ఉంచుకోండి. కార్డుతో కట్టినవారు 'సరుకు అందలేదు' అన్న కారణంతో లావాదేవీని సవాలు చేయవచ్చు. దీన్ని చార్జ్‌బ్యాక్ అంటారు. కార్డు ఇచ్చిన బ్యాంకు మీ పత్రాలు తీసుకుని అమ్మినవారి బ్యాంకును రుజువు అడుగుతుంది. దీనికి గడువు ఉంటుంది కాబట్టి అమ్మినవారి హామీలను నమ్ముకుని నెలలు గడపవద్దు. నేను పదో రోజున ఫారం నింపి ఇచ్చాను. ఒక జాగ్రత్త: వివాదం నడుస్తోందని క్రెడిట్ కార్డు బిల్లు కట్టడం మానవద్దు. ఆ మొత్తాన్ని పక్కన పెట్టామని బ్యాంకు రాతలో చెబితే తప్ప గడువులోగా కట్టండి, లేదంటే వడ్డీ పడుతుంది. అమ్మినవారు డబ్బు పంపేశారంటే బ్యాంకుకు చెప్పి ఫిర్యాదు వెనక్కి తీసుకోండి. యూపీఐతో కట్టి ఉంటే, యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి అక్కడే ఫిర్యాదు నమోదు చేసి, 12 అంకెల లావాదేవీ నంబరు రాసి పెట్టుకోండి. ఫిర్యాదును బ్యాంకే 30 రోజులు పట్టించుకోకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అధికారి, అంబుడ్స్‌మన్ ఉన్నారు, వివరాలకు 14448.

వెబ్‌సైటు కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడవచ్చు. అది తీర్పు చెప్పే చోటు కాదు. మీ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబట్టే ప్రయత్నం చేస్తుంది. పద్నాలుగో రోజున నేను అక్కడ నమోదు చేయించాను. ఇరవై ఆరో రోజున రీఫండ్ మంజూరైందని ఉత్తరం వచ్చింది.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చాలామంది కోర్టు అనగానే వెనకడుగు వేస్తారు. అంత భయపడవలసినది ఏమీ లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవారు ఏ నగరంలో ఉన్నా, మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు. సరుకు వెల 5 లక్షల రూపాయల లోపయితే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు. వస్తువు ధరతో పాటు పడిన ఇబ్బందికి పరిహారం, ఖర్చులు కూడా అడగవచ్చు.

ఈ తిరుగుడులో ఇంకో ప్రమాదం ఉంది. నాకు అన్నిటికంటే భయం కలిగించేది అదే. డబ్బు పోగొట్టుకుని ఆందోళనలో ఉన్నవాళ్లే మోసగాళ్లకు సులువుగా దొరుకుతారు. ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు ఫోను చేయవద్దు. వెబ్‌సైటులోనో యాప్‌లోనో ఉన్నదే వాడండి. రీఫండ్ రావాలంటే యాప్ దించుకోమని, స్క్రీన్ చూపించమని, యూపీఐ పిన్ కొట్టమని ఎవరైనా అంటే ఫోను పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. 'చిరునామా సరిగా లేదు, పది రూపాయలు కడితే మళ్లీ పంపుతాం' అని వచ్చే లింకులూ ఆ కోవకే చెందుతాయి. పార్సిల్ చేతికి రాకముందు ఓటీపీ చెప్పవద్దు. పొరపాటున డబ్బు పోతే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి.

నేరుగా నేతవారి దగ్గర చీర తెప్పించుకున్నట్టు, చిన్న అమ్మకందారు స్పీడ్ పోస్టులో పంపితే సంగతి వేరు. రసీదు మీద 13 అక్షరాలు, అంకెలు కలిసిన నంబరు ఉంటుంది. చివర 'ఐఎన్' అని ముగుస్తుంది. ఆ రసీదు ఫొటో ముందే అడిగి తీసుకోండి. ఫిర్యాదు తపాలా శాఖ వెబ్‌సైటులోనూ, పోస్టాఫీసులోనూ ఇవ్వవచ్చు. పంపినవారే ఇస్తే పని సులువు. అయితే పోయిన స్పీడ్ పోస్టుకు పరిహారం వస్తువు వెలను బట్టి రాదు, కట్టిన చార్జీని బట్టి వచ్చే చిన్న మొత్తమే. 2024 జూన్ నుంచి అమల్లో ఉన్న కొత్త పోస్టాఫీసు చట్టంలోనూ శాఖ బాధ్యత పరిమితమే. అందుకే ఖరీదైనది పంపేటప్పుడు బీమా చేయమని అడగండి, ఆ ఖర్చు మీరే ఇస్తామనండి. నష్టం వస్తే కుంగిపోయేది ఆ నేత కుటుంబం కూడా.

డబ్బు పంపామని వెబ్‌సైటు చెప్పి వారమైనా రాకపోతే, కార్డుకయితే ఏఆర్ఎన్ అనే రిఫరెన్సు నంబరు అడగండి. దాన్ని బ్యాంకుకు ఇస్తే ఎక్కడ ఆగిందో వెతుకుతారు. ఈఎంఐలో కొని ఉంటే ఈఎంఐ రద్దు చేయమని బ్యాంకుకు విడిగా చెప్పాలి. రీఫండ్ వచ్చినంత మాత్రాన అది ఆగదు.

వచ్చిన మొత్తాన్ని బిల్లుతో సరిచూసుకోండి. ముప్పై మూడో రోజున నా కార్డుకు 18,301 రూపాయలు జమ అయ్యాయి. 99 రూపాయల డెలివరీ చార్జీ పట్టుకున్నారు. చేయని డెలివరీకి చార్జీ ఏమిటని అదే ఫిర్యాదు నంబరు మీద మళ్లీ రాశాను. ఐదో రోజున ఆ 99 కూడా వచ్చాయి. అమ్మకు కొత్త యంత్రం తెప్పించినప్పుడు చిరునామా మిల్లు ఆఫీసుది ఇచ్చాను. పగలంతా అక్కడ కాటా దగ్గర మనిషి ఉంటాడు, పార్సిల్ తీసుకుని రిజిస్టరులో రాస్తాడు.