ఛాంపియన్‌షిప్ మేనేజర్ 01/02: ఇప్పుడు ఆడాలనుకునేవారికి

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర నాకు డీటీపీ దుకాణం ఉంది. పేజ్‌మేకర్ కోసం, అను ఫాంట్ల కోసం పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌ను ఇప్పటికీ నడుపుతున్నాను. శుభలేఖల పని లేని వేళల్లో అందులో ఛాంపియన్‌షిప్ మేనేజర్ 01/02 తెరిచి ఉంటుంది. ఫుట్‌బాల్ క్లబ్బును మేనేజర్‌గా మనమే నడిపే కంప్యూటర్ ఆట ఇది. ఇంటర్ చదివే మా మేనల్లుడు మొదటిసారి చూసి, "మావయ్యా, ఇందులో ఆట ఎక్కడ?" అని అడిగాడు. తెర మీద పేర్లు, అంకెలు, ఇంగ్లీషు వాక్యాలు తప్ప మైదానం కనిపించదు. ఇప్పుడు వాడే నా కుర్చీ వదలడం లేదు. వాడికి నేర్పిన పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను.

ఈ ఆటను స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ తయారుచేసింది, ఐడోస్ 2001 అక్టోబరులో విడుదల చేసింది. 2008లో దీన్ని ఉచితం చేశారు. అందుకే డబ్బు పెట్టకుండా దొరుకుతుంది. చివరి అధికారిక సవరణ (ప్యాచ్) 3.9.68. అది వేసుకున్నాకే మొదలుపెట్టండి. కొత్త విండోస్ ఉన్నవాళ్లు దీన్ని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో కాకుండా డీ డ్రైవ్‌లో సొంత ఫోల్డర్ చేసుకుని పెట్టుకుంటే, ఆటను భద్రపరిచేటప్పుడు అనుమతుల గొడవ ఉండదు. ఐకాన్ మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీని ఎక్స్‌పీకి మార్చండి. తెర 800×600 కొలతకే కట్టుబడి ఉంటుంది. పెద్ద మానిటర్‌పై అక్షరాలు మసకగా కనిపిస్తే అది కంప్యూటర్ లోపం కాదు.

మన జిల్లాలో కరెంటు సంగతి తెలిసిందే కదా. ఒకే ఫైలు మీద మళ్లీమళ్లీ భద్రపరచకండి. రెండు పేర్లు పెట్టుకుని ఒకసారి ఒకదానిలో, మరోసారి రెండోదానిలో వేయండి. ఫైలు రాస్తుండగా కరెంటు పోతే ఆ ఒక్కటే పాడవుతుంది, రెండోది మిగులుతుంది. యూపీఎస్ ఉన్నవాళ్లకు కూడా ఇదే చెబుతాను.

లీగులు ఎంచుకునే పేజీలోనే చాలామంది తొందరపడతారు. అన్ని దేశాలకూ టిక్కు పెడితే ఒక్కో రోజు గడవడానికి పాత యంత్రం ఆపసోపాలు పడుతుంది. ఒక దేశం, లేదంటే రెండు చాలు. భారత లీగు ఈ జాబితాలో లేదు, వెతకకండి. నేను ఇంగ్లండ్‌లో బరీని ఎంచుకుంటాను. మన భారత ఫుట్‌బాల్ ఆటగాడు భైచుంగ్ భుటియా 1999లో చేరిన క్లబ్బు అది. ఆట మొదలయ్యే 2001-02 సీజన్‌లో బరీ సెకండ్ డివిజన్‌లో ఉంది. పేరుకు సెకండ్ అయినా వరుసలో అది మూడో అంచె. బరీ చేతిలో డబ్బు లేదు, అభిమానుల ఆశలు కూడా పెద్దవి కావు. కాబట్టి ప్రతి నిర్ణయం బరువుగా ఉంటుంది. మాంచెస్టర్ యునైటెడ్‌తో మొదలుపెడితే నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. నిజ జీవితంలో ఆ బరీని 2019లో ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్ నుంచి తొలగించారు. ఈ ఆటలో మాత్రం అది ఇంకా ఆ లీగులోనే ఉంది, నాకు అదొక ఆనందం.

ఇక ఆటగాడి పేజీ. ఈ ఆట ప్రాణమంతా అక్కడే ఉంది. ఒక్కొక్కరికీ వేగం, స్టామినా, టాక్లింగ్, పాసింగ్, పట్టుదల లాంటి గుణాలు ముప్పై దాకా ఉంటాయి. ప్రతిదానికీ 1 నుంచి 20 దాకా అంకె. కొత్తవాళ్లు అన్నిటినీ కూడి చూస్తారు. అలా చూడకండి. స్థానాన్ని బట్టి మూడు నాలుగు గుణాలే చూడండి. మధ్యలో నిలబడే డిఫెండర్‌కు మార్కింగ్, హెడింగ్, పొజిషనింగ్ బాగుంటే డ్రిబ్లింగ్ 4 ఉన్నా ఫర్వాలేదు. కింది అంచెల్లో పట్టుదల, శ్రమించే గుణం 15 దాటినవాడు అందమైన పాసులిచ్చేవాడి కన్నా ఎక్కువ పాయింట్లు తెచ్చిపెడతాడు. నిలకడ, పెద్ద మ్యాచుల్లో తట్టుకునే శక్తి, గాయాలపాలయ్యే స్వభావం తెర మీద కనిపించవు. వాటిని సగటు రేటింగు చూసి, గాయాల చరిత్ర చూసి మనమే ఊహించాలి. అందుకే పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకోమంటాను. మా దుకాణంలో శుభలేఖల ప్రూఫు కాగితాల వెనుక వైపు వీటికే సరిపోతుంది.

మొదట్లోనే అట్రిబ్యూట్ మాస్కింగ్ అనే వీలు ఒకటి కనిపిస్తుంది. దాన్ని ఉంచండి. ఇతర క్లబ్బుల ఆటగాళ్ల అంకెలు కొన్ని అప్పుడు కనబడవు, స్కౌటును, అంటే ఆటగాళ్లను చూసి వచ్చి చెప్పే మనిషిని పంపాల్సి వస్తుంది. ఈ ఆటను మరో మెట్టు ఎక్కించిన ఏర్పాటు అదేనని నా గట్టి నమ్మకం. తెలియనితనం లేకపోతే ఎంపికకు విలువ ఏముంటుంది?

మ్యాచ్ మొదలైతే జట్ల రంగుల పట్టీలో ఒక్కో వాక్యం వస్తుంది, పోతుంది. కార్నర్ తీసుకున్నారు, హెడర్, ఆపైన ఒక్క క్షణం ఏమీ ఉండదు. ఆ ఒక్క క్షణంలో మా మేనల్లుడు కుర్చీ అంచుకు వచ్చేస్తాడు. మైదానాన్ని పైనుంచి చూపించే బొమ్మ 2003లో వచ్చిన తర్వాతి ఆటలో చేరింది. నాకు అది అవసరం అనిపించలేదు. వేగాన్ని తగ్గించి పెట్టుకుని వాక్యాలను చదవండి. ఎదుటివాళ్లు ఒకే వైపు నుంచి క్రాసులు పంపుతుంటే ఆ పక్క డిఫెండర్ అలసిపోయాడేమో కండిషన్ శాతం చూడండి. 70 కన్నా కిందికి దిగితే మార్చేయండి. తర్వాత చూద్దాం అనుకుంటే చివరి పది నిమిషాల్లో గోలు పడుతుంది.

లోపాల్లో పెద్దది వ్యూహాల పేజీలో ఉంది. బంతి మన దగ్గర ఉన్నప్పుడు, లేనప్పుడు ప్రతి ఆటగాడు ఎక్కడ నిలబడాలో మైదానంలోని ఒక్కో భాగానికీ విడివిడిగా పెట్టుకోవచ్చు. వినడానికి అద్భుతంగా ఉంటుంది. కానీ కంప్యూటర్ నడిపే జట్లు ఈ అమరికకు దీటుగా స్పందించలేవు. మనవాళ్లను విచిత్రమైన చోట్ల నిలబెడితే ఆ జట్లకు పాలుపోదు, బలహీనమైన జట్టు కూడా వరుసగా గెలిచేస్తుంది. అక్కడితో ఆట చచ్చిపోతుంది. కాబట్టి ఆ పేజీని తాకకండి. 4-4-2తో (నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు స్ట్రైకర్లు) మొదలుపెట్టి పాసింగ్ తీరు, ప్రెస్సింగ్ (ఎదుటివారి మీదికి వెళ్లి బంతి కోసం ఒత్తిడి చేయడం), ఎదురుదాడి, ఆఫ్‌సైడ్ ఉచ్చు (డిఫెండర్లంతా ఒకేసారి ముందుకు జరిగి ఎదుటివారిని ఆఫ్‌సైడ్‌లో పడేయడం) లాంటి మామూలు ఆదేశాలతోనే నెగ్గుకు రండి. డిఫెండర్లు నెమ్మది అయితే ఆఫ్‌సైడ్ ఉచ్చు వద్దు.

రెండో లోపం, ఎవరిని కొనాలో అందరికీ ముందే తెలిసిపోయిన పేర్ల జాబితాలు. ఈ ఆటలో దేవుళ్లుగా పేరుపడ్డవాళ్లున్నారు: మిల్‌వాల్ కుర్రాడు చెర్నో సాంబా, డెర్బీలోని టాంటన్ జోలా ముకోకో, డైనమో మిన్స్క్ స్ట్రైకర్ మాక్సిమ్ సిగాల్కో. ఆట తయారుచేసినవాళ్లు వారికి ఇచ్చిన భవిష్యత్తు నిజ జీవితంలో వారికి దక్కలేదు. సిగాల్కో గాయాలతో ముందుగానే ఆట మానేశాడు, 2020లో 37 ఏళ్లకే చనిపోయాడు. అప్పటికి హెకెన్ క్లబ్బులో ఉన్న స్వీడన్ కుర్రాడు కిమ్ షెల్‌స్ట్రోమ్ విషయంలో మాత్రం అంచనా నిజమైంది, అతను ఫ్రాన్స్‌లోని లియోన్ క్లబ్బు దాకా వెళ్లాడు. ఈ పేర్లను కొనుక్కుంటే ప్రతిసారీ ఒకే కథ అవుతుంది. మొదటి సీజన్‌లో వారిని కొనకూడదని మీకు మీరే నియమం పెట్టుకోండి. కొందరు కుర్రాళ్ల గరిష్ఠ సామర్థ్యాన్ని కొత్త ఆట మొదలైన ప్రతిసారీ యంత్రం వేరుగా నిర్ణయిస్తుంది. ఎవరు ఎదుగుతారో కనిపెట్టే ఆనందం అలాంటివారి దగ్గరే దొరుకుతుంది.

డబ్బు లేని క్లబ్బుకు బాస్‌మన్ నిబంధన పెద్ద దిక్కు. ఒప్పందం ముగియడానికి ఆరు నెలల లోపు మిగిలినవారితో బదిలీ రుసుము లేకుండా ముందే మాట్లాడుకోవచ్చు. జనవరి రాగానే అలాంటివారి జాబితా తీయండి. అదే సమయంలో మీ ఆటగాళ్ల ఒప్పందాలు కూడా చూసుకోండి, లేకపోతే మంచివాళ్లు చెయ్యి దాటిపోతారు.

చాలా సీజన్లు గడిచాక అసలు ఆటగాళ్లంతా రిటైరవుతారు. వారి స్థానంలో దాదాపు అలాంటి గుణాలతో కొత్త పేర్ల కుర్రాళ్లు పుడతారు. ఆ పేర్లతో మనకు బంధం కుదరదు, ఇది మూడో లోపం. ఆ దశకు వచ్చినప్పుడు పాత ఆటను ఆపి స్వీడన్ లీగు తీసుకోండి. అక్కడ సీజన్ వసంతంలో మొదలై శరదృతువులో ముగుస్తుంది కాబట్టి ఇంగ్లండ్‌లో అలవాటైన బదిలీల లెక్కలన్నీ కొత్తగా వేసుకోవాల్సి వస్తుంది.