చెట్ల బెరడు మీది లైకెన్లతో నగర విస్తరణ ప్రభావాన్ని అంచనా వేయడం ఎలా?

బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు ఒక లైకెన్. శిలీంధ్రం, శైవలం కలిసి బతికే ఈ జీవికి వేళ్లు లేవు, ఆకులకు ఉండే మైనపు పొర కూడా లేదు. అందువల్ల వాన, మంచు, ధూళి తెచ్చినదంతా నేరుగా దాని ఒంట్లోకి చేరుతుంది. పారిస్‌లోని లక్సెంబర్గ్ ఉద్యానంలో లైకెన్లను పరిశీలించిన విలియం నైలాండర్ 1866లోనే వాటిని గాలి స్వచ్ఛతకు కొలమానంగా గుర్తించారు.

హైదరాబాద్ వంటి నగరంలో ఈ పరిశీలన చేయదలిస్తే, నడిబొడ్డు నుంచి శివారు లేఅవుట్ల మీదుగా, ఇంకా సాగులో ఉన్న పొలాల దాకా ఒక వరుసలో స్థలాలను ఎంచుకోవాలి. పోలిక కోసం తీసుకునే అడవి కూడా దాదాపు అదే ఎత్తులో, అదే వర్షపాతంలో ఉండాలి. అరకు చెట్లతో పోల్చితే బయటపడేది కొండకూ మైదానానికీ ఉన్న తేడా మాత్రమే.

ఫలితం నమ్మదగినదా కాదా అన్నది చాలావరకు చెట్టు ఎంపికతోనే తేలిపోతుంది. అన్ని చోట్లా ఒకే జాతి చెట్లను, ఇంచుమించు ఒకే చుట్టుకొలత గల నిటారు మానులను, సమాన సంఖ్యలో తీసుకోవాలి. మామిడి ఇందుకు అనువైనది. నీలగిరి, జామ చెట్ల బెరడు ఊడిపోతుంటుంది కనుక అవి పనికిరావు. రహదారుల వెంట సున్నం, జాజు పట్టీలు వేసిన చెట్లనూ వదిలేయాలి, ఎందుకంటే సున్నం బెరడు ఆమ్లత్వాన్ని తగ్గించి, అక్కడ పెరిగే జాతులనే మార్చివేస్తుంది.

లెక్కింపునకు ఐరోపా 2014లో ప్రమాణంగా స్వీకరించిన పద్ధతిని అనుసరించవచ్చు. పది సెంటీమీటర్ల భుజం గల ఐదు గడులను నిచ్చెనలా ఒకదానిపై ఒకటి కట్టి, నేల నుంచి మీటరు ఎత్తున మొదలుపెట్టి, మానుకు నాలుగు దిక్కులా ఆనించాలి. ఒక్కో జాతి ఎన్ని గడుల్లో కనిపించిందో రాసుకుని, ఒక్కో దిక్కుకు వచ్చిన మొత్తాలను ఆ స్థలంలోని చెట్లన్నిటికీ సగటు కట్టి, నాలుగు సగటులనూ కూడితే ఆ స్థలంలోని లైకెన్ల వైవిధ్య విలువ వస్తుంది. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం తప్పనిసరి, ఎందుకంటే నారింజ రంగు పూతలా కనిపించే ట్రెంటిపోలియా లైకెన్ కాదు, ఒంటరిగా పెరిగే శైవలం. లైకెన్లు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతాయి కాబట్టి గీకి తీయకుండా, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసుకోవడం మేలు.

విలువ తగ్గినంత మాత్రాన పొగే కారణమని తేల్చకూడదు. చుట్టూ చెట్లు నరికితే ఎండ, పొడి గాలి పెరిగి నీడ కోరే జాతులు పోతాయి. పశువుల కొట్టాలు, ఎరువులు వేసిన పొలాల నుంచి వచ్చే అమ్మోనియా నత్రజనిని ఇష్టపడే జాతులను పెంచుతుంది. అప్పుడు విలువ ఎక్కువగానే ఉన్నా స్థలం చెడిపోయి ఉండవచ్చు. అందుకే అంకెతో పాటు జాతుల జాబితానూ చూడాలి. మన నగరాల్లో తరచు కనిపించే పిక్సిన్ కోకోయిస్ అనే లైకెన్ కాలుష్యాన్ని బాగా తట్టుకుంటుంది. అతినీలలోహిత దీపం కింద అది పసుపు రంగులో మెరుస్తుంది. అదొక్కటే మిగిలిన చెట్టునూ, పలు జాతులున్న చెట్టునూ ఒకే గాటన కట్టకూడదు.

చెట్టు ఉన్న చోటు, రోడ్డుకు దూరం, చుట్టుపక్కల నేల వాడకం నమోదు చేసి, నిచ్చెన ఆనించిన చోటును గుర్తుపెట్టుకుంటే, కొన్నేళ్ల తరువాత అవే గడులను మళ్లీ లెక్కించి, పొలం ప్లాట్లుగా మారిన కాలంలో ఏ జాతి తగ్గిందో, ఏది కొత్తగా చేరిందో జాతి వారీగా చెప్పగలుగుతాము.