బడి భోజనంలో పప్పు లెక్క తప్పకుండా వండి వడ్డించడం ఎలా?

బడిలో పప్పు నీళ్లలా ఉందని గొడవ వచ్చినప్పుడల్లా అందరూ వంట చేసే అమ్మల మీద పడతారు. పప్పు దాచేశారంటారు. చీపురుపల్లి, గజపతినగరం వైపు బళ్లలో నేను చూసినంతవరకు చాలాచోట్ల తూకం సరిగ్గానే ఉంటుంది. తేడా వచ్చేది గుండిగలో నీళ్లు పోసేటప్పుడు, గరిటె ముంచేటప్పుడు. అందుకే మిగతా పనుల గురించి త్వరగా చెప్పేసి, పప్పు దగ్గర ఆగుతాను.

ముందు వాటాలు కట్టండి

కేంద్రం బడి భోజన పథకం పీఎం పోషణ్ కొలతల ప్రకారం (ఆంధ్రప్రదేశ్‌లో దీన్నే డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అంటున్నాం) 1 నుంచి 5 తరగతుల్లో ఒక్కొక్కరికి బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు. 6 నుంచి 8 తరగతుల వాళ్లకు 150, 30, 75, ఏడున్నర. అన్నీ పచ్చి సరుకు తూకాలే. చిన్నవాళ్లకు 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్, పెద్దవాళ్లకు 700 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్ అందాలన్నది ఉద్దేశం.

సరుకుల్లో పెద్దపిల్లల కొలత చిన్నపిల్లల కొలతకు సరిగ్గా ఒకటిన్నర రెట్లు. కాబట్టి రెండు లెక్కలు వేసుకుని తికమకపడక్కర్లేదు. చిన్నపిల్లకు ఒక వాటా, పెద్దపిల్లకు ఒకటిన్నర. 60 మంది చిన్నవాళ్లు, 40 మంది పెద్దవాళ్లు వస్తే 120 వాటాలు. బియ్యం 12 కిలోలు, పప్పు 2 కిలోల 400 గ్రాములు, కూరగాయలు 6 కిలోలు, నూనె 600 గ్రాములు. ప్రార్థన అయ్యాక ఆ రోజు హాజరు చూసి లెక్క కట్టండి. తూకం కాటా మీదే వేయాలి. డబ్బాతో కొలిచే అలవాటు ఎవరు నేర్పారో గానీ, ఒకరు నిండుగా పోస్తారు, ఇంకొకరు తలకొట్టి పోస్తారు.

గుడ్డు పెట్టే రోజు పప్పు తగ్గించే ఊళ్లు కూడా ఉన్నాయి. గుడ్డు అదనం. పప్పు తూకం మారదు.

అన్నం

బియ్యంలో అక్కడక్కడ రంగు తేడాగా కనిపించే గింజలు ఫోర్టిఫైడ్ గింజలు. ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 చేర్చి, నూటికి ఒకటి చొప్పున కలుపుతారు. ప్లాస్టిక్ బియ్యమని వాటిని ఏరి పారేయకండి. గంజి వార్చకుండా అత్తెసరు పెట్టండి. వారిస్తే బి విటమిన్లు గంజితో పోతాయి. అన్నం గురించి ఇంతే.

అసలు పని: పప్పు

కందిపప్పు గంటసేపు నాననివ్వాలి. బోరు నీళ్లు చాలాచోట్ల కఠినంగా ఉంటాయి, ఆ నీళ్లలో పప్పు ఓ పట్టాన ఉడకదు. తాగే నీళ్లే వాడండి. ఉడకట్లేదని వంట సోడా చిటికెడు వేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పప్పు మెత్తబడుతుంది, నిజమే. దాంతోపాటు బి1 విటమిన్ కూడా నాశనమవుతుంది. చింతపండు పులుసు, టమాటా కూడా పప్పు పూర్తిగా ఉడికాకే వేయాలి. పులుపు ముందే పడితే పప్పు బిరుసెక్కి, ఎంత మంట పెట్టినా గింజ గింజగానే ఉంటుంది. ఆనపకాయ, గుమ్మడికాయ ముక్కలు పప్పు సగం ఉడికాక, ఆకుకూర చివర్లో.

ఇక అందరూ తప్పు చేసే చోటు. పప్పు ఉడకగానే గుండిగ నిండా నీళ్లు పోసి, ఆ తర్వాత గుత్తి పెడతారు. నీళ్లలో తేలే పప్పు గుత్తికి దొరకదు. మెదగని పప్పు అడుగుకు దిగిపోతుంది. ఉడికిన పప్పు ముద్దగా ఉన్నప్పుడే మెదపాలి. గరిటెతో తీసి వంచితే గింజ కనిపించకుండా జారాలి. అప్పుడు నీళ్లు, అవీ మరిగినవే. చన్నీళ్లు పోస్తే పప్పు పప్పుగా, నీళ్లు నీళ్లుగా విడిపోతాయి.

ఎన్ని నీళ్లు? కంటి అంచనా పనికిరాదు. వడ్డించే గరిటెలో ఎంత పడుతుందో ముందు నీళ్లతో కొలవండి. నేను 150 మిల్లీలీటర్ల లోతు గరిటె తప్ప ఇంకేదీ వాడనివ్వను. ఒక వాటాకు ఒక గరిటె. 120 వాటాలకు 120 గరిటెలు, అంటే 18 లీటర్లు. ఖాళీ గుండిగలో మూడేసి లీటర్ల చొప్పున నీళ్లు పోస్తూ, ఒక వెదురు కర్రను నిలువుగా ముంచి, నీళ్లు తగిలిన ప్రతిచోటా కత్తితో గాటు పెట్టండి. ఒక్కో గాటు 20 వాటాలు. రోజూ ముక్కలు, పోపు అన్నీ కలిశాక పప్పు ఆ రోజు గాటు దగ్గర ఆగాలి. గాటు దాటితే ఆ ఎక్కువైనదంతా గుండిగలో మిగిలిపోతుంది, పిల్లల వాటాలోని పప్పును కూడా పట్టుకుని.

"పల్చగా ఉంటేనే పిల్లలు కలుపుకుంటారు మాస్టారూ" అంటారు వంటమ్మలు. కలుపుకోవడానికి ఈ కొలతలో పప్పు జారుగానే ఉంటుంది. తనిఖీ ఉన్న రోజు బియ్యప్పిండి కలిపి చిక్కగా చూపించే తెలివి మాత్రం వద్దు. చిక్కదనం వస్తుంది గానీ ప్రొటీన్ రాదు.

వడ్డన

వడ్డించే ముందు పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురు రుచి చూడాలి, అందులో ఒకరు టీచర్ అయి ఉండాలి. ఇది నిబంధన. పైపైన ఒక చెంచా నాకి రిజిస్టర్‌లో సంతకం పెట్టడం రుచి చూడటం కాదు. అడుగు నుంచి కలిపించి, అన్నంలో కలుపుకుని తినండి.

చిన్నవాళ్లకు ఒక గరిటె, పెద్దవాళ్లకు ఒకటిన్నర. ప్రతి ఐదుగురికీ ఒకసారి గరిటెను అడుగుకు తాకించి పైకి తిప్పాలి. లేదంటే వరుసలో ముందున్న ఒకటో తరగతి పిల్లలకు పైతేట, చివరివాళ్లకు ముద్ద. అనుమానముంటే వడ్డన మొదట్లో, మధ్యలో, చివర్లో ఒక్కో గాజు గ్లాసులో అర గరిటె పోసి కిటికీలో పెట్టండి. పది నిమిషాలకు పప్పు కిందకి దిగి, పైన పసుపు నీళ్లు నిలుస్తాయి. మూడింట్లోనూ ఆ గీత ఒకే ఎత్తులో ఉంటే కలపడం సరిపోయింది. మొదటి గ్లాసులో గీత వేలెడు కిందకి ఉంటే గరిటె పట్టిన మనిషిని మార్చండి.

మిగిలితే ఎక్కడ మిగిలిందో చూడండి. కంచాల్లో అయితే ఇంటర్వెల్లో పిల్లలు ఏం కొన్నారో కనుక్కోండి. కొవ్వు, పంచదార, ఉప్పు ఎక్కువున్న తిండి, కూల్‌డ్రింకుల్లాంటివి బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు అమ్మకూడదని దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లోనే నిబంధన పెట్టింది. చిప్స్ ప్యాకెట్‌తో కడుపు నింపుకున్న పిల్ల పప్పన్నం సగంలో వదిలేస్తుంది. గుండిగలోనే మిగిలితే మాత్రం పప్పు గాటు దాటిందన్నమాట. మర్నాడు నీళ్లు తగ్గించండి, పప్పు తూకం మాత్రం ముట్టుకోకండి.